మేడెక్కిన కంప్యూటరు

భార్యకు రాబోయే ఉద్యోగాన్ని ఒక్క ఫోనుతో ముంచడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్ళు దగ్గరికి జరగండి. ఆ విద్యలో నాకు పట్టా ఉంది. నవ్వొస్తే ఆపుకోకండి, మా లాల్‌దర్వాజా సందు మొత్తం అప్పుడే నవ్వేసింది.

స్మార్ట్‌ఫోను అనే మాట అప్పుడప్పుడే మా ఆఫీసుకు చేరింది. దాన్ని కేబులుతో కంప్యూటరుకు తగిలిస్తే ఇంట్లోనే ఇంటర్నెట్ వస్తుందట! మౌసు కుడి బటను ఎందుకుందో ఆఫీసులో నాకొక్కడికే తెలుసు కాబట్టి నేను నిపుణుణ్ణి. సరిగ్గా అప్పుడే మా ఆవిడ సుజాత ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఈమెయిల్లో అప్లికేషన్ పంపాల్సొచ్చింది. శనివారం సాయంత్రం ఐదింటికి గడువు.

"నువ్వు టైపు చేసి పెట్టు. పంపడం నాకొదిలెయ్," అన్నాను.

ఫోనుకూ కంప్యూటరుకూ జాతకాలు కలవాలి కదా! అందుకని కంప్యూటర్ని మానిటరుతో సహా ఆటోలో ఎక్కించి ఫోన్ల దుకాణానికి తీసుకెళ్ళాను. అవును, మీరు సరిగ్గానే చదివారు.

దుకాణం కరీం భాయ్ చూసి, "సాబ్, రిపేరీ దుకాన్ పక్కకున్నది," అన్నాడు.

"రిపేరు కాదు భాయ్, మ్యాచింగు!"

ఆరు ఫోన్లు తగిలించి చూశాం. ఆరోది చటుక్కున కలిసింది.

"సిమ్ ఏ కంపెనీది ఇయ్యాలె సాబ్?"

"ఇక్కడ ఏది వేగంగా వస్తే అది."

"ఇంట్ల సిగ్నల్ గూడ చూస్కుండ్రి..."

"నాకు చెప్పకు భాయ్, నేనూ కంప్యూటర్ మనిషినే," అన్నాను. నిజానికి నేను నీటి పన్నుల సెక్షన్లో గుమాస్తాని.

శనివారం మూడింటికి ఇంట్లో ఫోను తగిలించాను. సిగ్నలు గీత ఒక్కటి లేదు. మంచమెక్కాను, బల్లెక్కాను. చివరికి మేడ మీద నాలుగు గీతలు కనిపించాయి. ఇంకేముంది, బియ్యం బస్తా బరువున్న మానిటర్ని మోసుకెళ్ళి, ఓనరు కిటికీలోంచి కరెంటు వైరు లాగాను. ఎండకు తెర కనపడలేదు. దుప్పటి కప్పుకుని లోపల కూర్చున్నాను.

ఇంటి ఓనరు యాదయ్య పైకొచ్చాడు. "ఏంది సారూ, అప్పడాల లెక్క కంప్యూటర్ను ఎండబెడ్తున్నరు?"

"ఈమెయిల్ పంపుతున్నానండీ."

"గట్లనా! దుప్పటి గప్పితే జల్ది పోతదా?"

సుజాత గడియారం చూసింది, నన్ను చూసింది, గబగబా మెట్లు దిగిపోయింది.

అప్లికేషన్ తొంభై శాతం వెళ్ళింది. ఇంతలో ఫోను మోగింది, ఇంటర్నెట్ తెగింది. కాల్ కట్ చేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ మోగింది. మూడోసారీ అంతే. ఎవరిదో తెలియని నంబరు. టైము పావుతక్కువ ఐదు. ఆమె ఆరు నెలలుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం నా చేతుల్లోనే పోతోందని నిజంగానే ఏడుపొచ్చింది. నాలుగోసారి మోగగానే ఎత్తి అరిచాను.

"ఎవడ్రా నువ్వు? నా పెళ్ళాం ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

"నేనేనండీ. సందు చివర నెట్ సెంటర్ నుంచి. టైపు చేసినప్పుడే ఫ్లాపీలో ఎక్కించుకున్నా, దాన్ని తెచ్చి ఎప్పుడో పంపేశాను. ఆ మాట చెబుదామనే ఇన్నిసార్లు చేస్తున్నా. ఇక ఆ దుప్పటి తీసెయ్యండి, ఇక్కడిదాకా కనిపిస్తున్నారు."

సిగ్గుతో చచ్చి, సంతోషంతో బతికాను.

ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఆమె కొన్న ఫోను మా వంటింట్లో కూడా ఖంగున మోగింది. "ఎలా ఎంచుకున్నావు?" అన్నాను, నిపుణుడి గొంతుతోనే.

"యాదయ్యగారి భార్యని అడిగాను, ఈ ఇంట్లో ఏ సిమ్ పనిచేస్తుందని."

అప్పుడే కీబోర్డు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఇకపై ఫోను కొనాల్సొస్తే కంప్యూటర్ని చచ్చినా దుకాణానికి మొయ్యను. ఇంటినే ఆటోలో ఎక్కించి తీసుకెళ్తాను.