కాకీ అంచుకు మొదటి స్థానం

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను గుంటూరు నుంచి నరసరావుపేటకు బదిలీ చేశారు. హోదా సీనియర్ సబ్-ఎడిటర్. జిల్లా అనుబంధంలో మహిళల పేజీ నాది. మండలాల విలేకరులు పంపినవి దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీ తయారు చేయించి అచ్చుకు పంపాలి. నా పైన ఎడిషన్ ఇన్‌చార్జి ఉండేవారు.

నేను చేరిన కొద్దిరోజులకే పత్రిక తరఫున బొంతల పోటీ నిర్వహించమన్నారు. మొదటి బహుమతిగా కుట్టు మిషను ఇవ్వడానికి పట్టణంలో ఒక బట్టల కొట్టు యజమాని ముందుకొచ్చారు. ఆయన్ను ఇక్కడ వెంకట్రావు గారు అంటాను. న్యాయనిర్ణేతలం ముగ్గురం: ఆయన, హోంసైన్స్ లెక్చరర్‌గా రిటైరైన సుశీల గారు, పత్రిక తరఫున నేను. నియమాలు ప్రకటనలో అచ్చువేశాం. కుట్టు చేతిదే కావాలి. గుడ్డ పాతదైనా కొత్తదైనా ఫరవాలేదు. అంచుకు ఏ బట్ట, ఏ రంగు అన్నది పోటీదారు ఇష్టం.

బొంత ముందుగా చిరిగేది అంచులోనే కాబట్టి మార్కులు అక్కడి నుంచే మొదలుపెడదామన్నారు సుశీల గారు. ఎలా చూడాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. బొంతను నేలమీద పరిచినప్పుడు అంచు అలలుగా లేవకూడదు. లేచిందంటే కుట్టేటప్పుడు అంచు గుడ్డ పట్టీని లాగి పట్టారని అర్థం. తర్వాత రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చుట్టూ తడుముతూ పోవాలి. మడత లోపల ఎక్కడా ఖాళీ తగలకూడదు. మూల తిరిగే చోట మడత ఏటవాలుగా పడాలి, దాని నోరు కుట్టుతో మూసి ఉండాలి. పట్టీ అతుకులు కూడా ఏటవాలుగానే వేయాలి, లేకపోతే ఒకేచోట లావు చేరి గడ్డలా తగులుతుంది.

పోటీ రోజున పట్టణంలోని ఒక హాల్లో బొంతలన్నీ పరిచాం. ఎక్కువవాటికి మెరిసే శాటిన్ రిబ్బను అంచే ఉంది. వెంకట్రావు గారి కొట్లో అమ్మేది అదే. చూడటానికి బాగుంటుంది గానీ జారుడు గుడ్డ, సూది పోయిన ప్రతిచోటా చిల్లు కనిపిస్తుంది. మాచర్ల నుంచి వచ్చిన మస్తాన్‌బీ బొంత మాత్రం వేరుగా ఉంది. ఎరుపు, ఆకుపచ్చ పాత వాయిలు చీరల బొంతకు చుట్టూ కాకీ అంచు.

“కాకీ ఏందమ్మా, పోలీసు స్టేషన్‌కా ఇది?” అన్నారు వెంకట్రావు గారు. హాల్లో అందరూ నవ్వారు.

మస్తాన్‌బీ కూడా నవ్వింది. “స్టేషన్‌కైతే ఇంత ఓపిగ్గా ఎందుకు కుడతానన్నా? మా ఆయన లారీ తోలేటప్పటి ప్యాంట్లివి. లారీ సీటు అరిగింది గానీ ఇవి అరగలా.”

గుమ్మం దగ్గర నిలబడిన ఆమె భర్త ఖాసిం అందుకున్నాడు. “ఏమే, ప్రైజొస్తే ప్యాంటు వాటా నాదే!”

“నీకు ప్యాంటు మిగిలిందే ఎక్కువ, పోవయ్యా.”

బొంతను అందరూ లాగేది అంచు పట్టుకునేనని, అందుకే ఇంట్లో ఉన్న గుడ్డల్లో గట్టిది ఎంచుకున్నానని చెప్పింది. కుట్టాక ముడుచుకోకుండా, రంగు దిగకుండా కాకీని ముందే ఉతికి ఆరేసిందట. ఆమె పరికిణీలు కుట్టి సంపాదిస్తోంది. మిషను మాత్రం పక్కింటివాళ్ళది. వాళ్ళు సత్తెనపల్లికి మకాం మారుస్తూ దాన్ని తీసుకుపోతున్నారు. “సర్టిఫికెట్టు కోసం రాలా మేడమ్, మిషను కోసం వచ్చా,” అని నాతో మొహమాటం లేకుండా చెప్పింది.

మార్కులు కూడితే ఆమె బొంతే ముందుంది. వెంకట్రావు గారు మార్కులను కాదనలేదు. గెలిచిన బొంతతో పేపర్లో ఫొటో పడుతుంది, తర్వాత కొన్నాళ్ళు దాన్ని తన కొట్లో వేలాడదీయాలన్నది ఆయన ఆలోచన. అందుకని, “కాకీ మీద మా రిబ్బను కప్పి కుట్టెయ్యమ్మా. ఇవాళే మిషను ఎక్కించుకుపో,” అన్నారు.

“అంచు బాగుందని మార్కులేసి దాన్నే కప్పమంటారేందన్నా?”

“కాకీ వేలాడదీస్తే నా రిబ్బను ఎవరు కొంటారు?”

“అది నన్నడుగుతారేంది? నాలుగు ఉతుకులకే చీకిపోద్ది మీ రిబ్బను.”

ఖాసిం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “కుట్టెయ్యవే. ఇంటికొచ్చాక విప్పేసుకుందువు.”

“పేపర్లో పడ్డాక ఎట్టా విప్పేది?” అందామె.

అంచు పోటీదారు ఇష్టమని ముందే అచ్చువేశామని, ఇప్పుడు షరతు పెట్టడం కుదరదని వెంకట్రావు గారికి చెప్పాను. అలాగైతే మిషను లేదన్నారాయన. ఫలితాల కాగితం మీద సుశీల గారు, నేను సంతకాలు పెట్టాం. ఆయన పెట్టలేదు. మస్తాన్‌బీ బొంత మడిచి సంచిలో పెట్టుకుంది. “మొదటిది నాదే గదా మేడమ్? అదే రాయండి,” అని చెప్పి మాచర్ల బస్సుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎడిషన్ ఇన్‌చార్జి పిలిచారు. కొట్టు ప్రకటనలు పోతాయి, రెండో స్థానంలోని రిబ్బను బొంతను మొదటికి తెమ్మన్నారు. ఇద్దరు సంతకాలు చేసిన ఫలితాన్ని నేను మార్చనన్నాను. పేజీ నా చేతుల్లోంచి తీసుకుని వేరేవాళ్ళతో చేయించుకోవచ్చని కూడా చెప్పాను. ఆయన తీసుకోలేదు. నీ ఇష్టం, నీ పూచీ అన్నారు.

ఫలితాలు పట్టికగా వేశాను. మొదటి వరుసలో మస్తాన్‌బీ, మాచర్ల, కాకీ అంచు. బహుమతి గడిలో ‘కుట్టు మిషను: దాత ఇవ్వలేదు’. దాత ఎవరో పోటీ ప్రకటనలో పాఠకులు అప్పటికే చూసి ఉన్నారు గనక మళ్ళీ పేరు రాయలేదు. పోటీ రోజున ఆమె బొంత అంచు మూలను దగ్గరగా తీసిన ఫొటోను పేజీ పైభాగమంతా పరిచాను.

కొట్టు ప్రకటనలు ఆగిపోయాయి. నన్ను చిన్న ప్రకటనల విభాగానికి మార్చారు, అక్కడే రిటైరయ్యాను. పోటీ మళ్ళీ జరగలేదు. మస్తాన్‌బీకి ఆ మిషను రాలేదు, పక్కింటి మిషనూ పోయింది. కొంతకాలం చేతి కుట్టుతోనే నెట్టుకొచ్చి, తర్వాత ఒక పాత మిషను కొనుక్కుంది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసింది. “తొక్కితే చానా మోతగా ఉంది మేడమ్. అయినా నాదే,” అంది.

నియమాలు అచ్చువేసిన పత్రిక ఫలితాన్ని కూడా ఆ నియమాల ప్రకారమే అచ్చువేయాలి. చెప్పిన బహుమతి ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న మాటనూ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయాలి.