బుధవారం పుట్టిన మనిషి

మొన్న సాయంత్రం టోవా పాయోలో మా బ్లాకు పక్క హాకర్ సెంటర్‌లో తిండికొట్ల మధ్య టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టిన మా కోడలు, అంత దూరాన టీ కోసం నిలబడ్డ మా అబ్బాయిని పేరు పెట్టి కేకేసి నాకు చక్కెర వద్దని చెబుతూ ఉండగా ఫోన్లోకి మనవరాలు వచ్చింది. తనతో పనిచేసే పిల్ల పెళ్ళికని ఘనా దేశం పోయి, పెళ్ళయ్యాక ఎల్మినా ఊరు చూడబోయింది. ఒడ్డున తెల్లటి కోట, వంతెన కింద రంగురంగుల పడవలు తిప్పి తిప్పి చూపించింది. ఎంత బాగుందో అని వీళ్ళంటున్నారు గానీ నాకు మాత్రం కడుపు మండింది. ఇన్నేళ్ళయినా ఆ ఊరంటే నాకు కుళ్ళే. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది, ఈ మాట మెత్తబరచి రాయొద్దని ముందే చెప్పాను. సంతకం, బస్సు నంబర్లు తప్ప నాకు చదువు రాదు, ఎలా రాసిందో మరి.

మా అబ్బాయి చిన్నప్పుడు మేం బూన్ లేలో ఉండేవాళ్ళం. మా ఆయన ఇంజన్లు బాగుచేసే మనిషి. చేపల పడవల ఇంజన్లు చూడమని కంపెనీ వాళ్ళు ఎల్మినా పంపితే, ఏడాదికని వెళ్ళి మూడేళ్ళున్నారు. రెండో ఏడు పిల్లవాణ్ణి అత్తగారి దగ్గర వదిలి నేను చూడబోయాను. తిండి సరిపడక చిక్కి ఉంటారని చింతకాయ పచ్చడీ కరివేపాకు పొడీ మూటకట్టుకుపోతే, ఆయన నున్నగా, నాకంటే ఒళ్ళు చేసి ఎదురొచ్చారు. వంతెన దాటుతుంటే ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ క్వేకూ, క్వేకూ అని పిలుపులు. ఎవరినా అని వెనక్కి చూస్తే, ఈయన చెయ్యెత్తి నవ్వుతున్నారు. అక్కడ పుట్టిన వారాన్ని బట్టి మనిషికి ఒక పేరు ఉంటుందట. బుధవారం పుట్టిన మగవాడు క్వేకు, ఈయనదీ బుధవారమే.

మా రోజుల్లో మొగుడి పేరు పలికేవాళ్ళం కాదు, మీకు నేను చెప్పాలా. క్లినిక్‌లో పేరడిగితే ఆయన కార్డు చూపించేదాన్ని గానీ నోరు విప్పేదాన్ని కాదు. అలాంటిది పడవలవాళ్ళు, ఉప్పు మళ్ళల్లో గంపలు మోసే పడుచుపిల్లలు, ఆఖరికి పాలుతాగే పసివాడు కూడా నా మనిషిని నోరారా పిలుస్తుంటే ఎలా ఉంటుంది చెప్పండి.

మంగళవారం ఆ ఊళ్ళో ఒక్క పడవా కదలదు, ఆ రోజు సముద్రానికి సెలవని వాళ్ళ నమ్మకం. ఆ సెలవునాడు నన్ను తిప్పి చూపించేవారు. గుట్ట మీది పాత కోటకి తీసుకెళ్తే ఏ మలుపులో రాయి జారుతుందో ఆయనకి ముందే తెలుసు. ఉప్పు మళ్ళకి పోతే ఏ గట్టు మీద నడవాలో తెలుసు. ఒక్కటైనా ఇద్దరం కలిసి కొత్తగా చూస్తామనుకుని అంత దూరం వెళ్ళాను. అన్నీ నేను లేకుండా చూసేసి ఉన్నారు. ఒడ్డున తెల్లకోటలో మాత్రం, మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించే ముందు ఆడవాళ్ళని కుక్కి ఉంచిన గదిలోకి వంగి వెళ్ళాక, చెమ్మగా ఉన్న గోడ మీద చెయ్యి వేశాను. వాళ్ళ పేర్లు ఎవరూ రాసి పెట్టలేదని కోట చూపించేవాడు చెప్పాడట, ఈయన నాకు తెలుగులో చెప్పారు. ఆ కాసేపూ నా కుళ్ళు ఎటుపోయిందో. ఎండలోకి రాగానే కాపలావాడు క్వేకూ అన్నాడు, మళ్ళీ వచ్చేసింది.

అందరికంటే ఎక్కువ కుళ్ళు ఆయన ఇంటి పక్క చేపలామె మీద. మట్టి పొయ్యిల మీద చేపలు పరిచి పొగలో ఎండబెట్టి అమ్మేది, ఈయనకి వండి పెట్టేది. నాకంటే కాస్త పెద్ద, మొగుడూ పిల్లలూ ఉన్న మనిషి. నాది అనుమానం కాదు, ఒట్టి కుళ్ళు. నువ్వే వారం పుట్టావని ఆమె అడిగిస్తే నాకేం తెలుసు. పేరాక్‌లో రబ్బరు తోటలో పుట్టినదాన్ని, వాన పడి పాలకి చెట్లు గియ్యడానికి పోని రోజున పుట్టావని మా అమ్మ చెప్పిందంతే. ఆమె ఆలోచించి, పనికి పోని రోజంటే మంగళవారమేగా అని తేల్చి, నాకు అబెనా అని పేరు పెట్టేసింది. విననట్టు మొహం తిప్పుకున్నాను.

ఇంట్లోకి వచ్చాక ఈయన నవ్వారు. "పోనీ నువ్వూ క్వేకూ అని పిలవ్వే. అసలు పేరు కాదుగా, తప్పేముంది?"

"ఊరంతా ఎంగిలి చేసిన పేరు నాకెందుకండీ," అన్నాను.

తిరిగొచ్చాక కూడా, పళ్ళెంలో నెత్తళ్ళ వేపుడు వేస్తే చాలు, ఆ ఊరి పొగచేపల మాటే. ఆయన పోయిన రోజు కూడా నేను ఏమండీ ఏమండీ అనే ఏడ్చాను.

మొన్న మనవరాలు ఫోను పక్కకి తిప్పితే ఆ చేపలామే కనపడింది. ఎల్మినా పోతున్నానంటే నేనే ఇచ్చిన తాతయ్య పాత ఫోటో పట్టుకుని, మనవరాలు వంతెన దగ్గర అడుగుతూ ఆమెను కనుక్కుందట. తల ముగ్గుబుట్ట అయింది, చేతిలో గ్లాసుతో నీళ్ళు. పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిచి నేల మీద నీళ్ళు వదులుతారట వాళ్ళు.

"నాయనమ్మా, తాతయ్య అసలు పేరు కావాలంట. వైఫే చెప్పాలంట. షీ ఈజ్ వెయిటింగ్ లా," అంది మనవరాలు.

నేను చెబుతానమ్మా అని మా అబ్బాయి నోరు తెరిస్తే చేత్తో ఆపాను. మూడేళ్ళు మనిషిని ఇచ్చాం, ఇప్పుడు ఆ పేరు కూడా కావాలా దానికి? అంతలో ఫోన్లోంచి ఆమె "అబెనా" అంది. అమ్మ, అత్తయ్య, ఆంటీ తప్ప నన్నెవరైనా పేరుతో పిలిచి ఎంత కాలమైందో. ఫోను దగ్గరికి లాక్కున్నాను. గట్టిగా "క్వేకూ" అన్నాను. అసలే నాది బొంగురు గొంతు, పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. అక్కడ ఆమె నీళ్ళు వదిలింది.

ఇప్పటి పిల్లలు మొగుణ్ణి రోజంతా పేరు పెట్టి పిలుస్తారు, అదో వింతని కూడా వాళ్ళకి తెలియదు. కోడలు మా అబ్బాయిని కేకేసినప్పుడల్లా దాని మీద కూడా నాకు కుళ్ళే, ఇది కూడా రాయమన్నాను, తల వంచుకుని రాస్తోంది. మామయ్య పేరు ఇక్కడ వెయ్యనా అత్తయ్యా అని అడిగింది. వద్దన్నాను, అది ఒక్కటి నాకుండనీ. ఆ వంతెన మీద ఎవరు పిలిచినా చెయ్యెత్తి నవ్వేవారు. నేను పిలిచి ఉంటే ఏం చేసేవారో.