పెరీనా వదిన వంటింటి రేడియో

మా పెరీనా వదిన వంటింట్లో పొయ్యి ఆరితే ఆరొచ్చుగానీ, కిటికీలో పెట్టిన, పడవలతో మాట్లాడే రేడియో మాత్రం ఆరదు. పెళ్లై వచ్చిన నాటినుంచీ అంతే. మా అన్న యెర్కో సముద్రం మీదుంటే ఆవిడ చెవి రేడియో మీదుంటుంది. ఇటలీకి ఎదురుగా సముద్రంలో ఉన్న మా వీస్ దీవిలో ఎవరి మొగుడు బయల్దేరాడో, ఎవరి ఇంజను మొరాయించిందో తెలియాలంటే వదిననే అడుగుతారు.

ఎవరెక్కడున్నారో మాత్రం ఆవిడకీ తెలీదు. ఎక్కడున్నావని రేడియోలో అడిగితే నిజం చెప్పే మగాడు మా దీవిలో ఇంకా పుట్టలేదు. చెప్తే పక్కవాడొచ్చి అక్కడే వల వేస్తాడని భయం. మా అన్నయితే అబద్ధాల్లో ఆరితేరినవాడు. నాన్న పోయేముందు చూపించిన నీళ్లడుగున చేపలు మూగే గట్టు ఎక్కడుందో పెళ్లానికి చెప్పాడుగానీ, తోడబుట్టిన నాకు చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది!

అందుకే మేం గొంతును బట్టి లెక్కేస్తాం. గరగరమంటే దూరం, తేటగా ఉంటే దగ్గర. చలికాలంలో ఆ లెక్క తప్పదు.

ఆ రోజు జులై ఎండ. ఆకు కదలడం లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. వదిన ఆకుకూర కడుగుతోంది, నేను ఊసుపోక కూర్చున్నాను. ఉన్నట్టుండి రేడియోలో అన్న గొంతు, పక్కగదిలోంచి పిలిచినట్టు.

"పెరీనా! పడవలోకి నీళ్లొస్తున్నాయే! నీళ్లు..."

అంతే, ఆగిపోయింది.

వదిన చేతిలో గిన్నె జారిపోయింది. మా దీవి పక్కనే ఉన్న రావ్నిక్ తిప్ప దగ్గరుంటానని పొద్దున్న చెప్పి వెళ్లాడు. "ఇంత తేటగా వినిపించిందంటే అక్కడే ఉన్నాడు వింకా, ఒక్కసారికి నిజమే చెప్పాడు!" అంది వదిన నా వైపు తిరిగి. ఆ మాటే రేడియోలో చెప్పగానే రేవులో ఉన్న పడవలన్నీ అటు ఉరికాయి.

కాసేపటికి, వెతకడానికి వెళ్లిన ముసలి బేపో బాబాయ్ గొంతు రేడియోలో. "అమ్మాయ్, ఇక్కడ యెర్కో లేడే. చెక్కముక్క కూడా లేదు."

అప్పుడే ఇంకో గొంతు మోగింది, అవతలి ఒడ్డున ఇటలీలో వాతావరణ వార్తలు చదివే ఆవిడది. చలికాలమంతా చెవి రిక్కించినా దొరకని మనిషి, మా బల్ల దగ్గర కూర్చుని చదువుతున్నట్టుంది. వదిన రేడియో వంక దెయ్యాన్ని చూసినట్టు చూసింది.

"ఇటలీ ఆవిడే ఇంట్లో ఉన్నట్టుంటే, మీ అన్న దగ్గరున్నాడని ఎలా అనుకున్నానే నేను!"

చల్లటి నీళ్ల మీద వేడిగాలి మూతలా కూర్చుంటే, మాట పైకి పోలేక నీళ్లవెంబడే ఎంత దూరమైనా పాకి వచ్చేస్తుంది. ఏటా వేసవిలో ఇదే తంతు, ఏటా విని నవ్వుకునేవాళ్లం. అవసరానికి ఒక్కరికైనా గుర్తొచ్చిందా? ఛీ!

అబద్ధం చెప్పి వెళ్లాడంటే నాన్న చూపించిన ఆ గట్టుకే. వదిన మైకు లాక్కుంది. "బాబాయ్! పలగ్రూజ దీపస్తంభాన్ని వెనకేసుకుని తిన్నగా దక్షిణానికి పోండి. నీళ్ల రంగు మారేచోట గట్టుంది, అక్కడున్నాడు!" అదే మాట వచ్చీరాని ఇటలీ భాషలోనూ అరిచింది. మా ఇంటి గుట్టు సముద్రమంతా వినిపించేసింది.

నడిసముద్రంలో ఆ గట్టుకి దగ్గర్లో ఉన్న ఇటలీ పడవే ముందు చేరింది. తేలుతున్న చేపల పెట్టెను కరుచుకుని ఉన్నాడట మా అన్న. పొద్దుగూకేలోపు వాళ్ల రేడియోలోంచి మాట్లాడాడు.

"పెరీనా..."

వదిన భోరుమంది. "బతికే ఉన్నావా యెర్కో! దెబ్బలేమైనా తగిలాయా?"

"ఏం లేదుగానీ, వీళ్లకి చోటెవరు చెప్పారు?"

చావు నోట్లోంచి బయటపడ్డవాడు అడిగే మొదటి మాట అదా?

"నేనే" అంది వదిన. "ఇక్కణ్ణుంచి ఇటలీ దాకా అందరికీ."

"ఎంత పని చేశావే! మా నాన్న చూపించిన గట్టు!"

వదిన కళ్లు తుడుచుకుని, చెయ్యి చాచి రేడియో కట్టేసింది. ఇన్నేళ్లలో అది ఆగడం నేను చూడలేదు. కింద పడ్డ గిన్నె తీసి, ఆకుకూర మళ్లీ మొదట్నుంచీ కడగడం మొదలుపెట్టింది.