రోడ్డు మీదుగా వచ్చిన కెప్టెన్

"...కళ్ళు కనపడకపోతే కనపడట్లేదని చెప్పు ఎనక్, ఊరందర్నీ రేవుకి పరిగెత్తించడం దేనికి?"

"నా కళ్ళకేమైంది వదినా? సర్కారు జెండా ఉన్న స్కూనరు ఓడ వచ్చింది. అందులో నౌకాశాఖ పెద్దాయన, మీ ఆయన, రాకపోతే ఇంకెవడొస్తాడు? మా కెప్టెన్ ఓడ మానేసి గుర్రబ్బండెక్కి వస్తాడా?"

"అందులో వచ్చినవి సున్నం పీపాలు."

"పీపాలో ఏముందో దుర్భిణిలో కనపడదు కదా!"

"రొట్టె కాల్చాను. చిక్కుడు గింజలు వండాను. కొత్త కాలరు పెట్టుకున్నాను."

"చూశాను. బావుంది."

"నోర్ముయ్."

ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం, జెండా గుట్ట మీద కెజయా లార్రబీ, ఎనక్ స్టబ్స్ ఇలా తగువులాడుకుంటుంటే గుట్ట దిగుతున్న మేమందరం విన్నాం. ఎవరూ నవ్వలేదు. ఆమెతోపాటు మేమూ రేవుకి పరిగెత్తినవాళ్ళమే.

మా రేవులో ఓడ ఉన్న ప్రతి ఇంటికీ ఒక జెండా ఉంటుంది. అవన్నీ గుట్ట మీద ఎనక్ దగ్గర, పేరు రాసిన పెట్టెల్లో ఉంటాయి. దూరంగా ఓడ కనిపించగానే ఎనక్ దుర్భిణిలో పోల్చుకుని, ఆ ఇంటి జెండా ఎగరేస్తాడు. లార్రబీల జెండా నీలం మీద తెల్ల చదరం. జెండా ఎగిరాక ఓడ లంగరు వేసేసరికి, గాలిని బట్టి, రెండు గంటలో మూడు గంటలో పడుతుంది. ఆ రెండు మూడు గంటలూ కెప్టెన్ల భార్యలవి. పొయ్యిలో రొట్టె పెడతారు, జుట్టు దువ్వుకుంటారు, పిల్లల మొహాలు తోముతారు. పద్నాలుగు నెలలు లేని మనిషి ఇంకా రాలేదు, కానీ వస్తున్నాడు. మా ఊళ్ళో ఆడవాళ్ళు ముసలితనంలో చెప్పుకునేది పెళ్ళి రోజు గురించి కాదు, ఆ గంటల గురించి.

కెజయా పీపాలు చేసేవాడి కూతురు. పంతొమ్మిదో ఏట జొథామ్ లార్రబీని చేసుకుంది. అతను అప్పటికి ఓడలో కెప్టెన్ కింద రెండో మేటు. తర్వాత కెప్టెన్ అయ్యాడు, తర్వాత రెండు ఓడలకి యజమాని అయ్యాడు. బాల్టిక్ సముద్రానికి వెళ్తే అయిదు నెలలు, తూర్పు దీవుల్లోని బటేవియాకి వెళ్తే ఏడాది దాటేది. ఏ ప్రయాణానికి ఎంత కాలమో ఆమెకి తెలుసు. నెలలు గడిచేకొద్దీ ఎదురుచూపు ఎలా మారుతుందో కూడా తెలుసు. పిల్లలు లేరు. పెరటి మెట్ల మీద కూర్చుంటే సముద్రం కనిపించేది.

ఇంగ్లండుతో గొడవల్లో విదేశీ వ్యాపారం వద్దని అమెరికా అధ్యక్షుడు రేవులన్నీ మూయించిన ఏడు మా ఓడలు కట్టిన చోటే కుళ్ళాయి. చర్చి సభలో జొథామ్ లేచి, "మనల్ని ఒడ్డున కట్టేసి మన కోసమే అంటున్నారు," అన్నాడు. అంతకు ముందు అతను సభలో నోరు విప్పింది లేదు. మేము అతన్ని బోస్టన్ శాసనసభకి పంపాం. అక్కణ్ణుంచి వాషింగ్టన్‌కి పంపాం. ఇంగ్లండుతో యుద్ధం అయ్యాక, తాడుకి ముడి వేయడం తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఇతనొక్కడే కనిపించాడేమో, నౌకాశాఖ అప్పగించారు. మంచి పేరే తెచ్చుకున్నాడు. ఆరని పచ్చి ఓకు కలపని ఓడలు కట్టే యార్డుల్లోంచి తిప్పి పంపించాడు. నేను ముందంటే నేను ముందని కొట్టుకునే కెప్టెన్లని కూర్చోబెట్టి మాట్లాడాడు. మా ఏటి ఒడ్డు పైన్ మానులు ఓడ స్తంభాలకి కొన్నాడు. "మన జొథామ్ ఉన్నాడు," అని మేము గర్వంగా అనుకునేవాళ్ళం, కెజయా లేని చోట.

ఎందుకంటే ఓడ తిరిగొచ్చే కాలం ఆమెకి తెలుసు. ఉద్యోగంలోంచి మనిషి తిరిగొచ్చే కాలం ఎవరికీ తెలియదు. "సమావేశాలు అవగానే వస్తాను," అని రాసేవాడు. సమావేశాలు అయ్యేవి. "కొత్త ఓడ దింపగానే," అని రాసేవాడు. నువ్వే వచ్చెయ్యమని రెండేళ్ళ కిందట రాశాడు. "సముద్రం లేని ఊళ్ళో దేన్ని చూస్తూ కూర్చోను?" అని ఆమె జవాబిచ్చింది. ఆ తర్వాత అతను అడగలేదు.

సున్నం పీపాలు వచ్చిన ఎనిమిదో రోజున కెజయా పెరట్లో చేపలు తోముతోంది. మాది పక్కిల్లు, మధ్య నడుమెత్తు కంచె. బోస్టన్ బండి మలుపులో ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక ముసలాయన దిగి, ముందు తలుపు తట్టి, జవాబు రాక ఇంటి పక్కగా తిరిగి వచ్చాడు.

కెజయా చేతినిండా పొలుసులు. కళ్ళద్దాల వెనక జొథామ్‌ని పోల్చుకుంది.

"ఎందులో వచ్చావు?"

"బండిలో. నడుం విరిగింది కెజయా. సముద్రం ఎంత పొంగినా అంత కుదుపు ఉండదు."

"ఒక్క ముక్క చెప్పి రావచ్చుగా," అంది. తర్వాత బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఏడ్చింది. అతను టోపీ పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపలికి వచ్చేశాను.

మళ్ళీ బయటికి వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద ఉన్నారు. ఎండ ఇంకా తగ్గలేదు. మా ఊళ్ళో ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు, నేనూ చెవులు మూసుకోలేదు.

"ఎన్నాళ్ళుంటావు?"

"శుక్రవారం బండి దాకా."

"ఓహో. చేప ఉడికేదాకా ఉంటున్నావన్నమాట."

"రాజీనామా రాసుకున్నాను. కోటు జేబులోనే ఉంది. ఇవ్వలేకపోయాను."

"ఎవరు పట్టుకున్నారు చెయ్యి?"

"ఒక ఓడ రాలేదు."

కెజయా అతని వైపు తిరిగింది.

"చిన్న యుద్ధనౌక. నవంబరులో జిబ్రాల్టర్ జలసంధి దాటింది. జనవరి ఆఖరికి రావాలి."

"ఎంతమంది?"

"నూట నలభై. తుపాను నెలలు దాటాక పంపమన్నారు కొందరు. వెంటనే రమ్మని సంతకం పెట్టింది నేను."

కెజయా గోటికి అంటుకున్న పొలుసు ఒకటి గీకి పడేసింది.

"అందులో ఎన్ని ఫిరంగులు, ఎన్ని బారల తాడు, అన్నీ చెప్పగలను. ఆ తల్లులకి ఏం చెప్పాలో తెలియదు. ఒకావిడ రోజూ ఆఫీసుకి వస్తుంది. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఏదో అల్లుకుంటుంది. ఏమీ అడగదు. గుమాస్తాలు ఆవిడ ముందునుంచి నడవడానికి భయపడి వెనక తలుపున తిరుగుతున్నారు."

"ఏం అల్లుతోంది?"

"ఏమో. నేను చూడలేదు."

"చూడాల్సింది."

"నా కిటికీలోంచి చూస్తే ఆవులు మేస్తుంటాయి," అన్నాడు జొథామ్. "అటు సముద్రం లేదని తెలుసు. అయినా పొద్దున్నే లేచి చూస్తాను. నువ్వు ఇన్నేళ్ళూ ఎలా చూశావు కెజయా? నేను ఒక్కసారి కూడా అడగలేదు."

"అడగలేదు."

"వాళ్ళు ఇంక రారని నాకు తెలుసు. ఆ మాట చెప్పేదాకా నా కుర్చీ వదల్లేను."

"చెప్పకు. తేదీ దాటి మూడు నెలలే అయింది. మన 'హోప్‌వెల్' ఓడ తేదీ దాటిన ఎనిమిది నెలలకి వచ్చింది." తర్వాత అడిగింది. "ఆవిడకి ఎవరైనా టీ ఇచ్చారా?"

"లేదు."

"ఇంతమంది మగాళ్ళున్నారు, ఒక్కడికీ తోచలేదా?"

"లేదు."

"ఆఫీసులో పొయ్యి ఉందా?"

"ఉంది. పొగ కక్కుతుంది."

కెజయా లేచి గౌనుకి అంటిన పొలుసులు దులుపుకుంది. సముద్రం వైపు కాసేపు చూసింది. అతను ఏదో అనబోయాడు, ఆమె చెయ్యెత్తి ఆపింది.

"శుక్రవారం బండికి రెండు సీట్లు చెప్పిరా," అంది. "నేను వస్తున్నాను."