అక్కది పడవ, తమ్ముడిది దీపం

గడియారాలు బాగుచేసే అతన్ని వీధిలో అందరూ ముల్లు అంటారు. సెకన్ల ముల్లులా ఒకచోట నిలవడని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరది. తల నెరిసి, కంటికి భూతద్దం తగిలించుకుని కుర్చీకి అతుక్కుపోయే పనిలో స్థిరపడినా ఆ పేరు అతన్ని వదల్లేదు. పేర్లంతే, ఒకసారి అంటుకున్నాయంటే మన మాట వినవు.

ఆ అక్కకి మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చింది. గండం గడిచింది గానీ కుడిచెయ్యి ఎవరిదో వస్తువులా ఒళ్ళో పడి ఉండేది. మాట ముద్దగా వస్తోందని ఆవిడ మాట్లాడటమే మానేసింది. ఇప్పుడు కదిలించకపోతే ఆ వేళ్ళు ఇక కదలవని చెప్పి, ఫిజియోథెరపీ డాక్టరమ్మ నొక్కడానికి ఒక మెత్తటి బంతి ఇచ్చింది. అక్క దాన్ని ఎడంచేత్తో మంచం కిందికి గిరాటేసింది. తమ్ముడు బతిమాలాడు, కోప్పడ్డాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆవిడకి చీమ కుట్టినట్టైనా లేదు.

బంతి కోసం మంచం కింద దూరితే అట్టపెట్టెలో పాత సీడీ దొరికింది.

చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కీబోర్డు మీద ఆడిన ఆట అది. నీలం నది, అందులో చిన్న పడవ, గట్ల మీద ఆరిపోయిన దీపస్తంభాలు. కుడివైపు బాణం మీటలు అక్కవి, పడవ నడపాలి. కింద ఉన్న పొడుగు మీట తమ్ముడిది, స్తంభం దగ్గరికి రాగానే దీపం వెలిగించాలి. ఒక్క దీపం తప్పినా ఆట మొదటికొస్తుంది. ఒకరి మీట ఒకరు ముట్టుకోకూడదని గట్టి ఒప్పందం. అందుకే అతనికి ఈ రోజుకీ పడవ నడపడం రాదు. దీపాలన్నీ వెలిగితే చందమామ వస్తుందట. వాళ్ళెప్పుడూ అంతదూరం పోలేదు.

లాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. బయటినుంచి తగిలించే డ్రైవు ఎవరినో అడిగి తెస్తే, ఈ ప్రోగ్రామ్ ఇందులో నడవదని లాప్‌టాప్ మొహమ్మీదే చెప్పేసింది. తల ప్రాణం తోకకొచ్చాక, పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్ ఒకటి ఉచితంగానే దొరుకుతుందని తెలిసింది. అందులో పెట్టగానే నది కనిపించింది. కానీ కళ్ళు మూసి తెరిచేలోగా పడవ గట్టుకి కొట్టుకుని మునిగిపోయింది.

ఆ ఆటకి సొంత గడియారం లేదు. యంత్రం ఎంత పరుగు తీస్తే నది అంత పరుగు తీస్తుంది. ముందుకు పోయే గడియారాన్ని దారిలో పెట్టడం అతని పనే కదా! కంట్రోల్ మీట పట్టుకుని ఎఫ్ పదకొండు నొక్కినప్పుడల్లా ఆ ప్రోగ్రామ్ కాస్త నెమ్మదిస్తుంది. అలా నొక్కుతూ, నొక్కుతూ, నదిని తన చిన్నతనంలో పారినంత మెల్లగా పారించాడు.

వాన పడుతున్న మధ్యాహ్నం లాప్‌టాప్‌ని అక్క ముందు పెట్టాడు.

"అక్కా, నీ పడవ."

ఆవిడ చాలాసేపు చూసింది. ఎడంచెయ్యి మీటల మీదికొచ్చింది.

"ఊహూ. ఆ చెయ్యి నా వైపుది. దొంగాట కుదరదు."

కళ్ళతోనే కాల్చేసేలా చూసింది. అతనే ఆవిడ కుడిచేతిని ఎత్తి బాణాల మీద పెట్టాడు. నీటివాలుకి పడవ కదిలింది, వేలు కదల్లేదు. మునిగింది. మళ్ళీ మునిగింది. అక్క గోడవైపు తిరిగిపోయింది.

అప్పుడు తట్టింది మనవాడికి. నదిని సర్దింది తన జ్ఞాపకానికి, అక్క వేలికి కాదు. మళ్ళీ ఎఫ్ పదకొండు మీద పడ్డాడు. నది బద్ధకించింది. నీళ్ళు నిద్రలో ఒత్తిగిల్లుతున్నట్టు కదిలాయి. ఆ నీలం వెలుతురు గది గోడల మీదికి, దుప్పటి మీదికి పాకింది. బయటి వాన ఆ నదిలోనే పడుతున్నట్టుంది. అక్క ఎప్పుడు ఇటు తిరిగిందో అతను గమనించలేదు.

గట్టు దగ్గరపడింది. చూపుడువేలు వణికింది. ఆగింది. మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగింది. పడవ తిరిగింది!

అతను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. ఒడ్డున స్తంభం వచ్చింది, చీకటిగానే వెనక్కి పోయింది.

"దీపంరా, మొద్దూ!"

ఇన్నాళ్ళకి వచ్చిన మాట. ముద్దగానే వచ్చింది గానీ తిట్టు మాత్రం తిట్టులాగే ఉంది.

"నాదే తప్పక్కా," అన్నాడు, చొక్కా చేతికి మొహం తుడుచుకుంటూ.

"ఏడుపు... తర్వాత. మళ్ళీ పెట్టు."

ఆవిడ వేలు ఇంకా బాణం మీదే ఉంది.