రోజీ అత్త చదివిన ఎద్దు కథ

గుండ్లపోచంపల్లిలో హైవేని ఆనుకుని ఉన్న ఒక గోదాములో రోజీ ప్యాకింగ్ పని చేస్తుంది. స్కూళ్లకూ దుకాణాలకూ వెళ్లాల్సిన పుస్తకాలు అక్కడికి లారీల్లో వచ్చి, అట్టపెట్టెల్లోకి మారి, మళ్లీ లారీలెక్కుతాయి. పదో తరగతి తప్పాక ఆమె పుస్తకం ముట్టుకున్నది ఆ గోదాములోనే. అదీ చదవడానికి కాదు, పెట్టెలో సర్ది టేపు అంటించడానికి.

ఆమె తమ్ముడు జాన్సన్ ఏసీలు బిగించేవాడు. ఒక శనివారం మేడ్చల్లో పని ముగించుకుని బండి మీద వస్తుంటే లారీ తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. భార్య లత, ఆరేళ్ల కొడుకు సన్నీ మిగిలారు. సమాధుల తోటకు తీసుకుపోయే ముందు నాయనమ్మ ఎలీషమ్మ మనవణ్ని చంకనెత్తుకుని శవపెట్టె దగ్గరికి తెచ్చింది.

"నాయినకేమైంది అవ్వా?" అని అడిగాడు వాడు.

"నిద్రపోయిండు బిడ్డా. ప్రభువు దగ్గర పండుకున్నడు" అంది ఎలీషమ్మ. ఆమె తప్పేం చెప్పలేదు. చర్చిలో అందరూ అనే మాటే అది. సమాధి రాళ్ల మీద చెక్కేదీ అదే.

కొన్నాళ్లకు లత మందుల కంపెనీలో రాత్రి డ్యూటీకి కుదిరింది. పొద్దున ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని నడుం వాల్చేది. కన్నంటుకునేసరికి సన్నీ పక్కన చేరి, రెండు వేళ్లతో ఆమె రెప్పలు పైకెత్తేవాడు. "అమ్మా, లే. అమ్మా, లే." లత బతిమాలింది, కసిరింది, ఒకరోజు చెయ్యి చేసుకుని తనే కూర్చుని ఏడ్చింది. వాడు మానలేదు. తనూ పడుకునేవాడు కాదు. బళ్లో బల్ల మీద తల వాల్చి, ఉలిక్కిపడి లేచేవాడు. పాస్టరుగారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేసి వెళ్లారు. తండ్రి మీద బెంగ, అదే పోతుందని ఇరుగుపొరుగు అన్నారు.

వానాకాలం మొదట్లో గోదాము కప్పు కారి కొన్ని పెట్టెలు తడిశాయి. చెడిపోయిన పుస్తకాలు కావాలంటే తీసుకుపొమ్మన్నాడు సూపర్‌వైజరు. అన్నాల వేళ రోజీ ఆ కుప్పలోంచి ఒక బొమ్మల పుస్తకం లాగింది. అందులో ఒక పిల్ల, ఒక ముసలి ఎద్దు. పిల్ల దానికి గడ్డి వేస్తుంది, చెరువులో కడుగుతుంది. సగం కథలో ఎద్దు పడిపోతుంది. "ఎద్దు చచ్చిపోయింది. దాని ఊపిరి ఆగిపోయింది. ఇక లేవదు" అని పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. తరువాతి పేజీలో మాటల్లేవు. ఖాళీ గుంజ, దానికి వేలాడే తాడు, అంతే.

చిన్నపిల్లల పుస్తకంలో ఇంత నేరుగా రాస్తారా అని రోజీ ముందు విస్తుపోయింది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జాన్సన్ చనిపోయాడన్న మాట ఇంట్లో ఒక్కరూ సన్నీతో అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక తల్లిగారింటి గడప మీద కూర్చుని వాడికి ఆ పుస్తకం చదివింది. ఎలీషమ్మ పక్కనే బియ్యం చెరుగుతోంది. ఎద్దు పడిపోయిన బొమ్మ దగ్గర సన్నీ వేలు పెట్టాడు.

"నిద్రపోయిందా అత్తా?"

"లేదురా. సచ్చిపోయింది."

"మల్ల లేస్తదా?"

"లేవది."

"గదేం పుస్తకమే రోజీ!" అంది ఎలీషమ్మ. "పసిపోరని ముంగట సావు ముచ్చట్లేంది?"

రోజీ పేజీ తిప్పింది. సన్నీ ఖాళీ గుంజను చాలాసేపు చూశాడు.

"నాయిన గూడ గంతేనా?"

"గంతేరా" అంది రోజీ. "నాయిన సచ్చిపోయిండు. దెబ్బ మస్తు పెద్దగ తాకింది. ఊపిరి ఆగిపోయింది. నిద్రపోలే."

"మరి అమ్మ పండుకుంటే?"

ఎలీషమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

రోజీ వాణ్ని లోపలికి తీసుకుపోయింది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన లత గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వాడి అరచెయ్యి తీసి తల్లి వీపు మీద పెట్టింది. "సూడు, లేస్తాంది, దిగుతాంది. ఊపిరాడుతాంది. నిద్రంటే గిది. జరసేపైనంక అమ్మనే లేస్తది."

వాడు కాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. ఉన్నట్టుండి "నాయినా" అని గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. సమాధి దగ్గర కూడా వాడు ఏడవలేదు. లత ఉలిక్కిపడి లేచి, ఏమైందో అడక్కుండానే ఒళ్లోకి లాక్కుంది.

ఎలీషమ్మ కూతురితో మాట్లాడటం మానేసింది. ఎదురైతే మొహం తిప్పుకునేది. ఆఖరికి ఒకనాడు తనే అడిగింది. "మరి పరలోకంల ఉన్నడని సెప్పద్దా?"

"సెప్పమ్మా, ఎందుకు సెప్పద్దు? గాని సచ్చిపోయిండని ముందుగాల సెప్పు. పరలోకం ముచ్చట ఎన్క సెప్పు. లేకుంటే ఊరికి పోయిండు, అస్తడనుకుంటడు ఆడు."

అప్పట్నుంచి ఎలీషమ్మ, మనవడు అడిగినప్పుడల్లా "సచ్చిపోయిండు బిడ్డా" అనడం నేర్చుకుంది. అన్న ప్రతిసారీ కళ్లు తుడుచుకునేది. సన్నీ మాత్రం ఒక్కరోజులో మారలేదు. రెప్పలెత్తడం మానేశాడు గానీ, తల్లి వీపు మీద చెయ్యి పెట్టి చూడటం చలికాలం దాకా మానలేదు.

ఆ తరువాత రోజీ ఆదివారాలు చర్చి వెనక రేకుల గదిలో వాడపిల్లలందరికీ బొమ్మల పుస్తకాలు చదవసాగింది. శామీర్‌పేట నుంచి తట్టలో చేపలు తెచ్చి ఆ వాడలో అమ్మే జంగమ్మకు సంగతి తెలిసింది. ఆమె కోడలు కామెర్లతో పోయింది. మనవరాలు తృప్తి ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"మేం చర్చోళ్లం కాదు గద బిడ్డా, తోలుకరావచ్చా?"

"బొమ్మలు సూసెతందుకు చర్చేంది, గుడేంది? తోలుకరా పెద్దమ్మా."

తృప్తి వచ్చింది. ఎద్దు చచ్చిపోయిన పేజీ రాగానే సర్రున చింపేసింది. జంగమ్మ చెయ్యెత్తితే రోజీ పట్టుకుంది. తనకు చేతకాని పనికి పూనుకున్నానేమోనని ఆ వారమంతా ఆమెకు ఒకటే పరేషాన్. మరుసటి ఆదివారం తృప్తి మళ్లీ వచ్చి, దూరంగా గోడకానుకుని కూర్చుంది. అలా కొన్ని వారాలు గడిచాయి.

ఒకరోజు ఏదో పుస్తకంలో చేపల పులుసు బొమ్మ వచ్చింది. "మా అమ్మ మస్తు జేస్తుండె" అంది తృప్తి గోడ దగ్గర్నుంచే.

రోజీ పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఎట్ల జేస్తుండె?"

తృప్తి చెప్పడం మొదలుపెట్టింది. చింతపండు ఎంత, ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, అన్నీ. మధ్యలో సన్నీ దూరాడు. "మా నాయిన ఆమ్లెట్ జేస్తుండె. మాడగొడ్తుండె." పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు.

గుమ్మంలో తట్ట దించుకుని వింటున్న జంగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పులుసుల ఉప్పు జర ఎక్కువేస్తుండె నా కోడలు" అంది.

"ఎక్కువేం గాదు" అంది తృప్తి. "నీకు తెల్వదు."