కాయితంలో అన్నం పూట

పిట్టా, నువ్వెక్కిన బస్సు పెద్దపల్లికి వచ్చింది. నువ్వే దిగలేదు.

సాయంత్రం నేను గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఫోన్ మోగింది. చూస్తే నీ పేరే. "ఏందే, దిగినవా?" అన్నాను. అవతల మగగొంతు.

"అమ్మా, నేను బస్సు కండక్టర్ని. గీ ఫోన్ల అవ్వ అని ఉంటే కొట్టిన. గీమె నీకేమైతది?"

"నా బిడ్డ."

వెనక ఎవరో మొహాన నీళ్లు చల్లమంటున్నారు. "నిద్రవోయిందనుకున్నమమ్మా. బస్టాండ్ల అందరు దిగినా లేస్తలేదు. దవాఖానకు తీస్కపోతున్నం, జల్ది రా" అన్నాడు.

వెళ్లాను. గుండె ఆగిపోయిందన్నారు. దారిలోనే ఆగిపోయి ఉంటుందన్నారు. పక్క సీటులో కూర్చున్నామెకు కూడా తెలియలేదట. నా చేతులకు చింతపండు జిగట అట్లాగే ఉంది. నీ చెయ్యి పట్టుకుంటే అంటుకుంది.

ఇది చదివే మీకు ఎవరి సంగతో చెప్పాలి కదా. పిట్ట నా ఒక్కగానొక్క బిడ్డ. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేటంత ఉందని వాళ్ల బాపు ఆ పేరు పెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో మేమిద్దరమే. రైస్ మిల్లుల్లో పనిచేసే తల్లుల పిల్లల కోసం మా చర్చివాళ్లు మొదలుపెట్టిన కేంద్రంలో ఆఫీసు పనంతా నా బిడ్డే చూసేది. మీలో చాలామంది ఆమెను మేడం అని పిలిచారు. జ్ఞాపకార్థ కూడికకు చిన్న పుస్తకం వేస్తున్నాం, నువ్వూ నాలుగు మాటలు రాయమ్మా అని పాస్టరమ్మ అడిగింది. నేను నాలుగో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చదివిందంతా బైబిలే. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. నా బిడ్డ ఉంటే దిద్దేది. ఇది రాస్తూ కూడా రెండుసార్లు, ఇది ఎట్లా రాయాలే అని అడగడానికి లోపలి గది వైపు తిరిగాను.

నలభై ఏళ్లు కూడా నిండని మనిషి. జ్వరం లేదు, నొప్పి అని ఒక్క మాట అనలేదు. పొద్దున తల దువ్వుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, కరీంనగర్‌లో ఆడిటర్ దగ్గర కేంద్రం లెక్కల మీద సంతకాలు చేయించుకుని వస్తానని పోయింది. అట్లా పోయిన మనిషి ఇట్లా ఎట్లా వస్తుంది? నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థమైనవాళ్లు ఉంటే చెప్పండి.

నేనూ మిల్లులోనే పనిచేశాను. తవుడు బస్తాల పక్కన చీరతో ఊయల కట్టి దాన్ని పడుకోబెట్టేదాన్ని. సాయంత్రం విప్పేసరికి కనుబొమ్మల నిండా దుమ్ము. మాటలు వచ్చేదాకా దగ్గుతూనే ఉంది. నడక వచ్చాక, మేము మధ్యాహ్నం నిలబడి అన్నం తింటుంటే మా కొంగులు పట్టి కిందికి లాగేది, కూర్చోమని. మేస్త్రీ చూస్తాడని మేము కూర్చునేవాళ్లం కాదు. అదంతా దానికి గుర్తుందని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు.

కేంద్రం మొదట్లో నోటిమాట మీదనే నడిచేది. వంటామె, ఇద్దరు ఆయమ్మలు, కాపలా ఉండే ముసలాయన. ఎవరికీ ఏ కాయితమూ లేదు. ఉన్నప్పుడు ఇచ్చేవాళ్లు, లేనప్పుడు వచ్చే నెల చూద్దామనేవాళ్లు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరికీ అది దేవుని పని, అంతే. నా బిడ్డ చేరగానే అందరికీ ఆర్డరు కాయితాలు రాసింది. పని ఏమిటి, జీతం ఎంత, సెలవు ఏ రోజు, మాన్పించాలంటే ఎంత ముందుగా చెప్పాలి, అన్నీ. కమిటీకి పెద్ద, రిటైరైన టీచరు సారు, ఆ కాయితాలు చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడట.

"గిది సేవ బిడ్డా. మిల్లు గాదు."

"సేవ మీది సార్. మీరు రూపాయి తీసుకోరు. పొద్దుగాల్నే వచ్చి గింతమంది పిల్లల ముడ్లు కడిగేటామెది పని. దానికి సేవ అని పేరు వెడితే పుణ్యం మనకు, నడుం నొప్పి ఆమెకు."

ఆ మాట సారే మా ఇంటికి వచ్చి చెప్పాడు. "నీ బిడ్డకు గింత నోరు ఏడికెళ్లి వచ్చింది చెల్లే?" అన్నాడు. "ఊయలలనే మిల్లు దుమ్ము మింగింది సార్, గొంతు జర గరుకైంది" అన్నాను. ఆయన నవ్వాడు. కాయితాల మీద సంతకాలు కూడా పెట్టాడు.

కాయితం అందుకున్న రోజు వంటామె ఏడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. "అక్కా, నేనేం తప్పు జేసిన? పప్పుల ఉప్పు ఎక్కువైందా? నీ బిడ్డ నన్ను పనిలకెళ్లి తీసేసింది" అని కొంగు ముడిలోంచి మడతలు పెట్టిన కాయితం తీసింది. మాబోటివాళ్లను పనికి పిలవడం నోటితోనే. కాయితం వచ్చిందంటే ఇక రావద్దన్నట్టు, లేకపోతే అప్పు కట్టమని బ్యాంకువాళ్లు పంపినట్టు. నేను కాయితం తీసుకున్నాను. కూడబలుక్కుని చదివితే అందులో తీసేసినట్టు లేదు, పెట్టుకున్నట్టుంది. మళ్లీ చదివాను. పెట్టుకున్నట్టే ఉంది. అంతలో నా బిడ్డ వచ్చింది. మా ఇద్దరి మొహాలు చూసి, సంగతి విని, గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఆమె పక్కన కింద కూర్చుంది.

"చిన్నమ్మా, ఇన్నేండ్లు నువ్వు పనిల లేకుంటనే పని జేసినవ్. ఇయ్యాల్టి సంది పనిల ఉన్నవ్."

వంటామె ఆ కాయితాన్ని కవరులో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ కాయితంలో అన్నిటికన్నా కింద ఒక మాట ఉంది. మధ్యాహ్నం అరగంట కూర్చుని అన్నం తినాలి, ఆ అరగంట పిల్లల్ని ఆఫీసు మనిషి చూసుకోవాలి అని. నేను ఎగతాళి చేశాను.

"తినుడు గూడ కాయితంల రాస్తరానే?"

"రాయకపోతే తినరవ్వా. నువ్వు తిన్నవా? నిలవడి మింగినవ్, మేస్త్రి దిక్కు చూసుకుంట."

కొంగు పట్టి లాగింది దానికి గుర్తుందని నాకు అప్పుడు తెలిసింది.

అందరికీ అన్నం పూట రాసిన మనిషి, తాను మాత్రం తినేది కాదు. ఆఫీసు మనిషి తనే కదా. ఆ అరగంట పిల్లల దగ్గర కూర్చునేది, ఆ తర్వాత ఏదో ఒక పని తగిలేది. నేను కట్టిన డబ్బా సగం నిండుగా తిరిగి వచ్చేది. విప్పుతూ నేను తిట్టేదాన్ని, అది నవ్వేది. "రేపు తింటనవ్వా, ఫికర్ జెయ్యకు." రోజూ ఇదే మాట.

పని దగ్గర మాత్రం దానితో ఎవరి మాటా చెల్లేది కాదు. ఏటా సర్కారుకు కమిటీ పేర్లు పంపాలి, లెక్కలు చూపాలి, మీటింగుల పుస్తకం రాయాలి. పెద్దలు తీరిక లేక, మీటింగు అయినట్టు రాసెయ్యి, మేము సంతకం పెడతాం అనేవాళ్లు. "కాని మీటింగు ఎట్ల రాస్త? వచ్చిండ్రు గద, కూసోండ్రి. అవ్వ చాయ్ వెడ్తది" అనేది. అట్లా మా ఇంటి వసారాలో ఎన్నో మీటింగులు జరిగాయి. సంతకానికని వచ్చిన పెద్దమనుషులు గంటసేపు ఇరుక్కునేవాళ్లు. "చెల్లే, నీ చాయ్ శానా పిరం" అనేవాడు సారు.

చిన్న ఆయమ్మ సంగతి తేలింది కూడా అక్కడే. ఆమె మిల్లు హమాలీ భార్య, ఇరవై దాటిన పిల్ల. కడుపుతో ఉంది. నేను గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

"పిల్లల్ని ఎత్తుడు దించుడు ఆమెతోని గాదు బిడ్డా" అన్నాడు సారు. "ఇంటికాడ ఉండనియ్యి. ఇంకొకామెను వెట్టుకుందాం."

"కాన్పయినంక మల్ల తీసుకుంటరా?"

"అప్పటి సంగతి అప్పుడు."

"జీతం?"

"పదిమంది కన్న తక్కువున్నకాడ గా కాన్పు సెలవు చట్టం వర్తించదని నువ్వే జెప్పినవ్ గద."

"జెప్పిన సార్. అబద్ధం ఎందుకు జెప్త? చట్టం పనోళ్లను లెక్కవెడ్తది. కడుపులున్న పిల్లకు మనం ఎందరమున్నమో ఏమెరుక?"

చాయ్ చల్లారిపోయింది. చివరికి సారు, "మరి ఆమె పని ఎవరు జేస్తరు?" అన్నాడు.

"ఆమె వచ్చేదాక నేను జేస్త. పిల్లలు పండుకున్నంక ఆఫీసు పని చూస్త."

చేసింది కూడా. కేంద్రంలో గోడకు వరసగా కొక్కేలు ఉంటాయి, పనివాళ్లు సంచులు తగిలించుకోవడానికి. చిన్న ఆయమ్మ సెలవు మీద పోయాక ఆమె కొక్కేనికి నా బిడ్డ ఎవరినీ ఏమీ తగిలించనివ్వలేదు. ఆమె పని చేస్తూ కూడా తన సంచి తన కొక్కేనికే పెట్టుకుంది. ఒకసారి నేను అక్కడ గొడుగు తగిలిస్తే తీసి నా చేతికిచ్చింది. "అది ఆమెదవ్వా. ఒస్తది." 

ఆమెకు కాన్పయిన వారానికే నా బిడ్డ పోయింది.

బాలింత చావింటికి రాకూడదు కదా. ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చింది. పసిగుడ్డు కూడా ఏడుస్తున్నట్టు వినిపిస్తోంది. తర్వాత "అవ్వా, మరి నా పని..." అని ఆగిపోయింది. "ఏం లేదవ్వా, పాపం తగుల్తది, గిప్పుడు అడుగుతున్న" అని పెట్టేసింది. నాకు కోపం రాలేదు. ఆమెకు ఇంట్లో వచ్చే రెండో జీతం అదొక్కటే. మాట ఇచ్చిన మనిషి మట్టిలో ఉంది.

సారు పరామర్శకు వచ్చాడు. అదే వసారా, అదే కుర్చీ. కేంద్రంలో పిల్లల్ని చూసేవాళ్లు చాలడం లేదని, ఒకామె పనికి వస్తానంటోందని, ఆమెనే పెట్టేసుకుంటామని చెప్పాడు. "చిన్న ఆయమ్మ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు గూడ వచ్చి పిల్లల నడుమ కూసుంటుండు చెల్లే, సేవ లెక్క. పానం జర నిమ్మలమైతది."

నాకు బుర్రలో ఏమీ లేదు ఆ రోజుల్లో. అన్నం ఎదురుగా పెడితే అదేమిటో తెలిసేది కాదు. కానీ సేవ అనే మాట వినగానే నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"సేవకు నేను రాను సార్. పనికొస్త. బాలింత వచ్చేదాక అని కాయితం రాసియ్యుండ్రి. అందుల ఆమె పేరు గూడ రాయుండ్రి, ఆమె రాంగనే నేను దిగిపోవాలె."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.

"అన్నం పూట గూడ రాయుండ్రి" అన్నాను.

సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. మర్నాడు కాయితం పంపాడు. అదే వారంలో మున్సిపల్ ఆఫీసు నుంచి నా బిడ్డ చనిపోయినట్టు కాయితం కూడా వచ్చింది. జన్మలో నా పేరు మీద వచ్చిన మొదటి ఆర్డరు, దాని పేరు మీద వచ్చిన ఆఖరి కాయితం. ఏది ఎందులో దాచాలో తెలియక రెండూ బైబిల్లో పెట్టాను.

ఇప్పుడు రోజూ పోతున్నాను. ఊయలలు ఊపుతున్నాను. నా సంచి నా బిడ్డ కొక్కేనికి తగిలిస్తున్నాను. దాని పక్కది ఖాళీగా ఉంది. చిన్న ఆయమ్మ మొన్న గేటు దాకా వచ్చి, పిల్లను ఎత్తుకునే, కొక్కెం చూసి పోయింది. లోపలికి రాలేదు. వచ్చే నెల పనిలో దిగుతుంది. ఆమె పిల్ల కూడా ఇక్కడే పెరుగుతుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. కండక్టరు అప్పగించిన సంచిని నేను చాలా రోజులు విప్పలేదు. లోపల డబ్బాలో అన్నం పాచిపోయి ఉంటుంది, అది చూడలేననుకున్నాను. ఆ పొద్దున పుంటికూర పప్పు పెట్టాను. మొన్న ఇల్లంతా కడుగుతూ, ఎప్పటికైనా తప్పదు కదా అని మూత తీశాను.

డబ్బా ఖాళీగా ఉంది. నీళ్లతో తొలిపి ఉంది. మూత అంచులో ఒక్క మెతుకు ఎండి అంటుకుని ఉంది.

ఆ రోజు తిన్నది నా పిట్ట. ఎక్కడ తిన్నదో, పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. కూర్చునే తిన్నదనుకుంటున్నాను.

ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి ప్రార్థన అయిపోయి బంతికి పిలుస్తారు. వంటామె పొద్దున్నుంచీ వండుతోంది. ఎవరూ నిలబడి తినకండి, తొందరపడి లేవకండి. కూర్చుని, కడుపునిండా అన్నం తినండి.